టెక్ సందేహాలు: గేమ్ అకౌంట్ పోయింది, సపోర్ట్ పలకడం లేదు.. ఏం చేయాలి?

ఈసారి ప్రశ్నల్లో చాలావరకు గేమ్ అకౌంట్ల గురించే వచ్చాయి. అకౌంట్ పోయిందన్న బాధ ఒకెత్తయితే, కస్టమర్ సపోర్ట్ వాళ్లు మనిషిగా కూడా చూడటం లేదన్న కోపం ఇంకో ఎత్తు. అందుకే ఈసారంతా ఈ ఒక్క విషయానికే కేటాయించాం.

ప్రశ్న: స్నేహితుడి దగ్గర్నుంచి 'మా టీమ్‌కు ఓటు వెయ్యి' అంటూ లింక్ వచ్చింది. స్టీమ్‌ (కంప్యూటర్ గేముల ఆన్‌లైన్ స్టోర్) అకౌంట్‌తో లాగిన్ అయ్యాను. పావుగంటలో స్కిన్లన్నీ (గేమ్‌లో వాడే అలంకార ఐటమ్స్) మాయం. స్టీమ్ గార్డ్ (లాగిన్‌కు అదనపు కోడ్ అడిగే రక్షణ) ఆన్‌లోనే ఉంది కదా, అదెలా సాధ్యం?

మీ స్నేహితుడి అకౌంట్ అప్పటికే దొంగల చేతిలో ఉండి ఉంటుంది. ఆ మెసేజ్ పంపింది ఆయన కాదు. మీరు చూసిన లాగిన్ విండో కూడా నిజమైనది కాకపోవచ్చు. ఈ మోసంలో వెబ్ పేజీ లోపలే ఒక విండో బొమ్మ గీస్తారు. తాళం గుర్తు, పైన స్టీమ్ చిరునామా, మూసే బటన్ అన్నీ అచ్చం అసలు దానిలాగే ఉంటాయి. చిరునామా సరిగ్గా ఉందో లేదో చూసుకునే అలవాటున్నవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడతారు. ఎందుకంటే వాళ్లు చూస్తున్న చిరునామా కూడా ఆ బొమ్మలో భాగమే.

దీన్ని పట్టుకోవడం తేలికే. ఆ విండోను పై పట్టీ దగ్గర పట్టుకుని బ్రౌజర్ అంచు దాటి బయటకు లాగండి. అసలు విండో అయితే డెస్క్‌టాప్ మీదకు వచ్చేస్తుంది. నకిలీది అంచు దగ్గరే ఆగిపోతుంది. బ్రౌజర్‌ను మినిమైజ్ చేసి చూసినా తెలిసిపోతుంది, నకిలీ విండో దాంతోపాటే మాయమవుతుంది. పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవారికి ఇంకో ఆనవాలు ఉంది. ఎప్పుడూ తనంతట తానే వివరాలు నింపే మేనేజర్ ఇక్కడ మౌనంగా ఉంటే, మీరున్నది వేరే సైట్‌లో అని అర్థం.

ఇక స్టీమ్ గార్డ్ సంగతి. మీరు ఆ విండోలో టైప్ చేసిన కోడ్‌ను దొంగ ప్రోగ్రామ్ ఆ క్షణమే అసలు సైట్‌లో వాడేస్తుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా అంతే, మీరు ఒప్పుకున్నది దొంగ లాగిన్‌ను. ఏ ఊరి నుంచి, ఏ పరికరం నుంచి లాగిన్ అడుగుతున్నారో స్టీమ్ యాప్ చూపిస్తుంది. ఒప్పుకునే ముందు ఆ రెండు లైన్లూ చదవండి.

ఇప్పుడు చేయాల్సిన పనులను వరుస తప్పకుండా చేయండి. ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. జీమెయిల్ అయితే కంప్యూటర్ బ్రౌజర్‌లోనే తెరిచి సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వార్డింగ్ విభాగాలు చూడండి. మొబైల్ యాప్‌లో ఫిల్టర్లు కనిపించవు. 'స్టీమ్ నుంచి వచ్చే మెయిల్స్ డిలీట్ చెయ్యి' అని దొంగ ఒక ఫిల్టర్ పెట్టి పోతే, ఆ తర్వాత ఎన్ని హెచ్చరికలు వచ్చినా మీ కంట పడవు. పాస్‌వర్డ్ మార్చాక కూడా ఆ ఫిల్టర్ పనిచేస్తూనే ఉంటుంది. మెయిల్ శుభ్రమయ్యాకే స్టీమ్ పాస్‌వర్డ్ మార్చి, స్టీమ్ గార్డ్ సెట్టింగ్స్‌లో మిగతా పరికరాలన్నిటి అనుమతి రద్దు చేయండి.

చాలామంది మర్చిపోయేది వెబ్ ఏపీఐ కీ, అంటే వేరే ప్రోగ్రామ్ మీ అకౌంట్ తరఫున స్టీమ్‌తో మాట్లాడేందుకు వాడే రహస్య సంకేతం. మీరు ఎప్పుడూ పెట్టని కీ మీ అకౌంట్‌లో కనిపిస్తే వెంటనే రద్దు చేయండి. ఆ కీ చేతిలో ఉంటే దొంగ ప్రోగ్రామ్ మీ ట్రేడ్ ఆఫర్లను (ఐటమ్స్ ఇచ్చిపుచ్చుకునే ప్రతిపాదనలను) కనిపెడుతూ ఉంటుంది. మీరు నిజమైన మిత్రుడికి ఆఫర్ పంపగానే దాన్ని రద్దు చేసి, అదే పేరు, అదే ఫొటో పెట్టుకున్న ఇంకో అకౌంట్‌కు అవే ఐటమ్స్‌తో కొత్త ఆఫర్ పెడుతుంది. ఫోన్‌లో కన్ఫర్మ్ నొక్కేది మీరే. పేరు, ఫొటో చూసి నమ్మకండి. ఎదుటి అకౌంట్ స్టీమ్ లెవెల్, ఎప్పుడు చేరిందన్న వివరం చూడండి.

ఐటమ్స్ తిరిగొస్తాయా అంటే, కౌంటర్ స్ట్రైక్ 2 ఐటమ్స్‌కు 2025 నుంచి 7 రోజుల ట్రేడ్ ప్రొటెక్షన్ ఉంది. ఆ గడువులోగా ట్రేడ్ హిస్టరీలోకి వెళ్లి మీరే వెనక్కి తిప్పుకోవచ్చు. అయితే ఒక్క ట్రేడ్‌ను ఎంచుకుని తిప్పడం కుదరదు, ఆ 7 రోజుల్లో జరిగిన ప్రొటెక్టెడ్ ట్రేడ్‌లన్నీ వెనక్కి వస్తాయి. తర్వాత 30 రోజులు ట్రేడింగ్, మార్కెట్ రెండూ ఆగిపోతాయి. ఈ రక్షణ లేని ఐటమ్స్ చేయి దాటిపోతే స్టీమ్ సపోర్ట్ తిరిగి ఇవ్వదు. అందుకే ఈ పనిని రేపటికి వాయిదా వేయొద్దు.

ప్రశ్న: నా అకౌంట్ ఈమెయిల్ మార్చేశారు. వారంలో నాలుగు టికెట్లు (సపోర్ట్‌కు ఫిర్యాదులు) పెట్టాను. నాలుగింటికీ ఒకటే రెడీమేడ్ జవాబు: 'మీ వివరాలు సరిపోలలేదు'. అసలు అటువైపు మనిషి ఉన్నాడా?

మీ కోపంలో న్యాయముంది. డబ్బు పెట్టి కొన్న గేములు పోయినవాడికి తయారుగా ఉన్న నాలుగు లైన్లు అతికించి పంపడం సేవ అనిపించుకోదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం కనిపిస్తుందో తెలిస్తే మీ పని సులువవుతుంది. ఆ ఉద్యోగి ముందున్నది ఒక అకౌంట్ రికార్డు, మీ టికెట్. రికార్డులో ఉన్న ఈమెయిల్ ఇప్పుడు దొంగది. 'నా అకౌంట్ హ్యాక్ అయింది, నా గేములు నాకివ్వండి' అని దొంగ కూడా రాయగలడు, రాస్తాడు కూడా. సపోర్ట్‌ను బుట్టలో వేసి అకౌంట్లు కొట్టేయడం పాత పద్ధతే. అందువల్ల బాధ ఎంత రాసినా పనికిరాదు. దొంగ దగ్గర ఉండే అవకాశం లేనిదేదో మీరు చూపించాలి.

అన్నిటికన్నా గట్టి ఆధారం పాత కొనుగోళ్లు. అకౌంట్ తెరిచిన కొత్తలో కొన్న గేమ్ ఆర్డర్ నంబర్, తేదీ, రసీదు మెయిల్ వెతకండి. నిన్నటి కొనుగోలు వివరం దొంగ కూడా అకౌంట్‌లో చూసి చెప్పగలడు. కార్డుతో కొన్నదైతే చివరి 4 అంకెలు చాలు. పూర్తి నంబర్, సీవీవీ, ఓటీపీ ఏ సపోర్టుకూ ఇవ్వకూడదు. డబ్బాలో వచ్చిన గేమ్ అయితే యాక్టివేషన్ కీ ఉన్న కాగితం తీయండి. కొన్ని కంపెనీలు దాని మీద టికెట్ నంబర్ చేత్తో రాసి ఫొటో పంపమంటాయి. కన్సోల్ అయితే వెనక ఉన్న సీరియల్ నంబర్. వీటికి తోడు మొదట్లో వాడిన ఈమెయిల్, పాత యూజర్ పేర్లు.

అకౌంట్‌ను పేరుతో కాకుండా దాని ఐడీతో చెప్పండి. పేరును దొంగ మార్చేయగలడు, ఐడీని మార్చలేడు. స్టీమ్‌లో అది 7656119తో మొదలయ్యే 17 అంకెల సంఖ్య. మీ ప్రొఫైల్ మిత్రుల జాబితాలో ఉంటే వాళ్ల దగ్గర్నుంచైనా తీసుకోవచ్చు.

టికెట్ ఈ మాత్రం ఉంటే సరిపోతుంది:

'అకౌంట్ ఐడీ ఇది. 14వ తేదీ 21:40 యూటీసీకి ఈమెయిల్ మారింది, ఫోన్ నంబర్ తొలగించారు. ఈ రెండూ నేను చేయలేదు. అంతకుముందున్న ఈమెయిల్ ఇది, ఈ టికెట్ దాని నుంచే రాస్తున్నాను. మొదటి కొనుగోలు ఆర్డర్ నంబర్, తేదీ, కార్డు చివరి 4 అంకెలు ఇవి. రసీదు జతచేశాను. పాత ఈమెయిల్ పునరుద్ధరించి, తెరిచి ఉన్న సెషన్లన్నీ మూసేయండి.'

సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) రాస్తే వాళ్ల సిస్టమ్ నమోదులతో నేరుగా సరిపోతుంది. చివర్లో మీకేం కావాలో స్పష్టంగా ఉండాలి. అది లేకపోతే చదివినవారు 'పాస్‌వర్డ్ మర్చిపోయారు' అన్న విభాగంలో వేసి, దానికి తగ్గ రెడీమేడ్ జవాబు పంపేస్తారు. మీకు వచ్చింది బహుశా అలాంటిదే.

నాలుగు టికెట్లు పెట్టడం వల్ల మీకే నష్టం. సాధారణంగా వాటిని ఒకటిగా కలిపేస్తారు. కొన్ని సిస్టమ్‌లలో కొత్త మెసేజ్ వచ్చిన ప్రతిసారీ టికెట్ వరుస చివరికి పోతుంది. ఒక్క టికెట్ ఉంచి, చెప్పడానికి కొత్త ఆధారం దొరికినప్పుడే అందులో జవాబు రాయండి. 'పరిష్కరించాం' అని మూసేస్తే కొత్తది తెరవకుండా దానికే బదులివ్వండి.

ఇంకొకటి. అకౌంట్ ఈమెయిల్ మారినప్పుడు చాలా కంపెనీలు పాత చిరునామాకు హెచ్చరిక మెయిల్ పంపుతాయి. అందులో 'ఇది నేను చేయలేదు' అనే లింక్ ఉండొచ్చు. దానికి గడువు ఉంటుంది. స్పామ్, ట్రాష్ రెండూ వెతకండి. పంపినవారి డొమైన్ సరైనదేనని చూసుకున్నాకే నొక్కండి. గడువులోగా దొరికితే టికెట్ అవసరమే ఉండకపోవచ్చు.

ప్రశ్న: దొంగ నా కార్డుతో గేమ్ కరెన్సీ కొన్నాడు. బ్యాంకుకు చెప్పి డబ్బు వెనక్కి తెప్పించుకోనా?

కార్డును ఇప్పుడే బ్లాక్ చేయించండి, అందులో ఆలోచించేది లేదు. డబ్బు వెనక్కి తెప్పించుకునే ఛార్జ్‌బ్యాక్ విషయంలో మాత్రం కాస్త ఆగండి. బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కోగానే చాలా గేమ్ ప్లాట్‌ఫామ్‌లు ఆ అకౌంట్‌ను బాకీ పడినట్టుగా లెక్కేసి లాక్ చేస్తాయి. మీరు బాధితులైనా సరే, లైబ్రరీ (మీరు కొన్న గేములు) మొత్తం మూతపడుతుంది. ముందు ప్లాట్‌ఫామ్‌కే 'అనధికార కొనుగోలు' విభాగంలో రీఫండ్ అడగండి. అదే సమయంలో, వివాదం నమోదు చేయడానికి ఆఖరి తేదీ ఏదో బ్యాంకును అడిగి రాసి పెట్టుకోండి. సపోర్ట్ నాన్చుతుంటే ఆ తేదీకి వారం ముందు నిర్ణయం తీసుకోండి. లైబ్రరీ విలువ కన్నా పోయిన డబ్బు ఎక్కువైతే ఛార్జ్‌బ్యాకే సరైన దారి.

ప్రశ్న: ఫోన్ రీసెట్ చేశాను. అథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌లు చూపించేది) మళ్లీ వేస్తే ఖాళీగా ఉంది. కోడ్‌లు మళ్లీ పంపమంటే కంపెనీ కుదరదంటోంది.

ఆ కోడ్‌లను ఎవరూ పంపరు, ఫోనే లెక్కగడుతుంది. మొదట క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య కీ మీ ఫోన్‌లో చేరింది. ఆ కీ, ఆ క్షణపు సమయం కలిపి 30 సెకన్లకోసారి 6 అంకెల కోడ్ పుడుతుంది. రీసెట్‌తో కీ పోయింది కాబట్టి పుట్టేదేమీ లేదు. రెండంచెల భద్రత ఆన్ చేసిన రోజు ఇచ్చిన బ్యాకప్ కోడ్‌లు వెతకండి. స్టీమ్‌లో అయితే ఆర్ అక్షరంతో మొదలయ్యే రికవరీ కోడ్ ఉంటుంది. గూగుల్ అథెంటికేటర్ 2023 ఏప్రిల్ నుంచి గూగుల్ అకౌంట్‌తో సింక్ అవుతుంది. ఆ సింక్ ఆన్‌లో ఉండి ఉంటే అదే అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే కోడ్‌లు వచ్చేస్తాయి. ఏదీ లేదంటే రెండో ప్రశ్న జవాబులో చెప్పిన ఆధారాలతో టికెట్ తప్పదు.

కోడ్‌లు కనిపిస్తున్నా 'తప్పు' అని వస్తుంటే ఫోన్ గడియారం చూడండి. సమయం తేడాగా ఉంటే కోడ్ కుదరదు. ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేస్తే చాలు.

తిరిగి లోపలికి వెళ్లాక బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి, ఫోన్ బిల్లులు పెట్టుకునే చోట ఉంచండి. ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్ వద్దు. ఫోన్ పోయిన రోజే కదా వాటి అవసరం పడేది.

ప్రశ్న: 'నేను చేసిన గేమ్ ఆడి చూడు' అని డిస్కార్డ్‌లో (గేమర్లు వాడే చాట్ యాప్) జిప్ ఫైల్ పంపారు. తెరిచాను, గేమ్ రాలేదు. పాస్‌వర్డ్ మార్చేశాను. చాలదా?

చాలదు. అలాంటి ఫైల్ బ్రౌజర్‌లోని సెషన్ కుకీలను, డిస్కార్డ్ టోకెన్‌ను కాపీ చేసుకుపోతుంది. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా ఉండేది ఆ కుకీ, టోకెన్ల వల్లే. అది చేతిలో ఉన్న దొంగకు పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. పైగా మీరు కొత్త పాస్‌వర్డ్‌ను అదే కంప్యూటర్‌లో టైప్ చేసి ఉంటే అది కూడా వాళ్లకు చేరి ఉండొచ్చు.

ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి ఈమెయిల్, గేమ్, డిస్కార్డ్ పాస్‌వర్డ్‌లు మార్చి, ప్రతి చోటా 'అన్ని పరికరాల నుంచి లాగవుట్' నొక్కండి. కుకీ చెల్లకుండా పోయేది దానితోనే. తర్వాత విండోస్‌ను మళ్లీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. యాంటీవైరస్ ఒక ఫైల్ పట్టుకుని 'శుభ్రం' అన్నా నమ్మి వదిలేయొద్దు.

జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని చాట్‌లో విడిగా ఇచ్చారా? లోపల ఏముందో యాంటీవైరస్ చూడకుండా ఉండటానికే అది. చీట్‌లు, మోడ్‌లు ఇచ్చేవాళ్లు 'యాంటీవైరస్ ఆపేయండి' అనడం వెనక ఉన్నదీ అదే.

ప్రశ్న: అకౌంట్ దొంగ చేతిలో ఉన్నప్పుడు వాడు చీట్ వాడాడు. వ్యాక్ బ్యాన్ (స్టీమ్ చీట్ నిరోధక వ్యవస్థ వేసే నిషేధం) పడింది. తీస్తారా?

తీయరు. వ్యాక్ బ్యాన్ శాశ్వతం, స్టీమ్ సపోర్ట్ కూడా ఎత్తేయదు. అకౌంట్ భద్రత యజమానిదే అన్నది స్టీమ్‌ను నడిపే వాల్వ్ నియమం. ఇది కఠినమే, కానీ 'నేను కాదు, హ్యాకర్' అని ప్రతి చీటరూ చెబుతాడు కాబట్టి వాళ్లు గీసిన గీత అది. అకౌంట్‌లో ఆ నిషేధం వర్తించని మిగతా గేములు మామూలుగా ఆడుకోవచ్చు. అప్పీల్ చేసి బ్యాన్ తీయిస్తామని డబ్బు అడిగేవారు మోసగాళ్లు.

ప్రశ్న: సపోర్ట్ ఫోన్ నంబర్ కోసం సెర్చ్ చేస్తే ఒకటి దొరికింది. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటున్నారు.

వేయొద్దు, కాల్ పెట్టేయండి. స్టీమ్‌కు అసలు ఫోన్ సపోర్టే లేదు. మిగతా కంపెనీల సహాయం కావాలన్నా గేమ్ లోపలి మెనూ నుంచో, చిరునామా మీరే టైప్ చేసి తెరిచిన వాళ్ల సైట్ నుంచో వెళ్లండి. సోషల్ మీడియాలో కంపెనీని ట్యాగ్ చేసి ఫిర్యాదు పెడితే నిమిషాల్లో 'సపోర్ట్' అన్న పేరుతో మెసేజ్ వస్తుంది, అదీ ఇలాంటిదే. యాప్ ఇప్పటికే వేసి ఉంటే ముందు నెట్ తీసి, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ విషయంలో జిప్ ఫైల్ ప్రశ్న జవాబులోని పనులన్నీ చేయండి. ఆ సమయంలో తెర మీద బ్యాంక్ యాప్ గానీ సైట్ గానీ తెరిచి ఉంటే బ్యాంకుకు కూడా ఇప్పుడే ఫోన్ చేయండి, నంబర్ మాత్రం కార్డు వెనక ఉన్నదే వాడండి.