బోనులో పులి: మనవడి ప్రశ్న

ప్రశ్న: సెలవుల్లో మా మనవడిని ఒక జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్లాను. కంచె వెంబడి అటూ ఇటూ ఆగకుండా తిరుగుతున్న పులిని చూసి, "అమ్మమ్మా, ఇది ఏం తప్పు చేసింది?" అన్నాడు. వన్యప్రాణులను ఇలా బంధించడం న్యాయమేనా?
— ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: అడవిలో ఎంతో దూరం సంచరించే జంతువు ఒకే బాటలో పదేపదే తిరగడం ఒత్తిడికి గుర్తు కనుక, కేవలం మన వినోదం కోసమే అయితే ఆ బంధనాన్ని నేను సమర్థించను. 1855లో మద్రాసు నగరం నడుమ వెలసిన జంతుప్రదర్శనశాల, ఆ చోటు చాలక, 1985లో వండలూరులోని విశాలమైన అటవీభూమికి మారడం చూస్తే మన దృష్టి కొంత మారిందనే అనాలి. అంతకన్నా బలమైన ఉదాహరణ మహాబలిపురం దారిలోని మొసళ్ల కేంద్రం: తోళ్ల వేటతో దేశంలో మొసళ్లు తరిగిపోతున్న రోజుల్లో, 1976లో స్థాపించిన ఆ కేంద్రంలో పుట్టిన పిల్లలను ఇతర రాష్ట్రాల నదులకూ జలాశయాలకూ పంపారు. (తరువాత వదిలే చోటే కరవై, మగ్గర్ అనే మంచినీటి జాతి మొసళ్లు అక్కడే వందల్లో పేరుకుపోయాయి; అంటే సంతతిని పెంచడం కన్నా అడవినీ నదినీ మిగల్చడమే కష్టం.) అంతరించే ప్రమాదమున్న జీవులకు ఇటువంటి ఆశ్రయం అవసరమే. కానీ మీరు చూసిన పులికి విశాలమైన ఆవరణ, నీటి మడుగు, జనం చూపు పడకుండా దాగే పొదలు లేకపోతే, ఆ విషయాన్ని అక్కడి నిర్వాహకులకు రాతపూర్వకంగా తెలపండి.