మంట మా ఇంటిదాకా రాలేదు, మరి వానకు ఎందుకు ఖాళీ చేయాలి?

పైన కొండ కాలింది, కింద మీ ఇంటికి ఏమీ కాలేదు, అయినా వాన వస్తోందని అధికారులు ఖాళీ చేయమంటున్నారు, మేడ మీద పడుకుంటే సరిపోదా అని అడిగారు. వెళ్లిపోవడమే మంచిది. కాలిన కొండ కింద కాపురం ఉన్నవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మంట ఆరాక ఒకసారి పైకి వెళ్లి, బూడిదను చేత్తో పక్కకు నెట్టి, కింద మట్టి మీద సీసాలో నీళ్లు పోసి చూశాం. తామరాకు మీద పోసినట్టే, బొట్లు బొట్లుగా నిలబడ్డాయి తప్ప ఇంకలేదు. రాలిన ఆకుల్లో ఉండే మైనం లాంటి పదార్థాలు వేడికి ఆవిరై, కాస్త లోతున చల్లగా ఉన్న మట్టి రేణువులకు అంటుకుపోతాయి. నేలంతా ఒకేలా ఉండదనుకోండి. కానీ చినుకును ఆపే ఆకు, మట్టిని పట్టి ఉంచే వేరు కూడా లేకపోయాక, పడిన నీళ్లు పడినట్టే కిందికి వస్తాయి.

చాలామంది రోజు మొత్తం మీద ఎంత వాన పడుతుందో చూస్తారు. మీరు చూడాల్సింది పావుగంటలో ఎంత జోరుగా పడుతుందన్నది. మాకు రాత్రంతా ముసురు పట్టినా వాగు మామూలుగానే పారింది. తర్వాత కాసేపు కురిసిన జడివానకే నల్లటి చిక్కటి బురద దిగింది. దాని ముందు సగం కాలిన దుంగలు. అందులో ఒకటి రోడ్డు కింద తూముకు అడ్డం పడింది, అంతే, బురదంతా రోడ్డెక్కింది. నీళ్లయితే గుమ్మం దగ్గర ఇసుక బస్తాలు పనికొస్తాయేమో కానీ, బండరాళ్లను అవేం ఆపుతాయి?

కాలిఫోర్నియాలోని మాంటెసిటోలో జరిగింది అదే. 2017 డిసెంబరులో మొదలైన థామస్ కార్చిచ్చు పైనున్న కొండల్ని కాల్చేసింది. 2018 జనవరి 9న తెల్లవారకముందే కురిసిన కుంభవృష్టికి బురద, బండరాళ్లు ఊరి మీద పడి 23 మంది చనిపోయారు. తప్పనిసరిగా ఖాళీ చేయాలని చెప్పని వీధుల్లోనూ ప్రాణాలు పోయాయి. మీకు చెప్పారు కాబట్టి ఆ మాట వినండి.

ఇన్సూరెన్స్ సంగతి ఇప్పుడే కనుక్కోండి. అమెరికాలో మామూలు ఇంటి పాలసీ వరదకు వర్తించదు, ప్రభుత్వ వరద పాలసీ తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఈ టెన్షన్ ఒక్క సీజన్‌తో పోదు కూడా. మొదటి రెండేళ్లు మరీ ప్రమాదం, కొండ మీద మళ్లీ పచ్చదనం నిలదొక్కుకునేదాకా కొన్నిచోట్ల ఐదేళ్లు పట్టొచ్చు.

వెళ్లేటప్పుడు వాన మొదలవక ముందే, వెలుతురు ఉండగానే బయల్దేరండి. మీ దారి వాగు దాటుతుందేమో ముందే చూసుకోండి. ఇక మేడ సంగతంటారా, బయటపడే దారి మూసుకుపోయినప్పుడు మాత్రమే. అప్పుడు కూడా కొండవైపు గదిలో కాదు, అవతలి వైపు గదిలో ఉండండి.