ఉల్కాశిల కనబడగానే చెయ్యి వెయ్యకు

చిరంజీవి కార్తీక్‌కు,

పెదనాన్న దీవెనలు. నీ మెయిల్ చదివాను. ఫీనిక్స్‌లో ఎండలు తగ్గాయనీ, శని ఆదివారాలు ఎడారిలో ఉల్కాశిలలు వెతుకుతాననీ రాశావు. సంతోషం. మెటల్ డిటెక్టరుతో పాటు పెద్ద నియోడిమియం అయస్కాంతం, అంటే చాలా బలమైనది, కూడా కొనేశానన్నావు. డిటెక్టర్ సరే. ఆ అయస్కాంతాన్ని మాత్రం అల్మారాలో పెట్టెయ్యి నాన్నా.

ఉల్కాశిలల్లో ఎక్కువ భాగం అయస్కాంతానికి అతుక్కుంటాయి, నిజమే. కానీ వాటిలోని ఇనుము–నికెల్ రేణువుల్లో, మాగ్నెటైట్ లాంటి ఖనిజాల్లో ఆ రాయి పుట్టిన చోట ఒకప్పుడున్న అయస్కాంత క్షేత్రం ఆనవాలు మిగిలి ఉండొచ్చు. కోట్ల ఏళ్లు చెక్కుచెదరని ఆ ఆనవాలు, బలమైన అయస్కాంతం ఒక్కసారి తాకితే చెరిగిపోతుంది. దాని స్థానంలో నీ అయస్కాంతం ముద్ర పడుతుంది. సహారాలో దొరికిన ‘బ్లాక్ బ్యూటీ’, అంటే ఎన్‌డబ్ల్యూఏ 7034, అంగారకుడి నుంచి వచ్చిన రాయి. అందులో 440 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్‌లు అనే ఖనిజపు స్ఫటికాలున్నాయి. అంగారకుడి తొలినాటి అయస్కాంత క్షేత్రం గురించి అంతకన్నా మంచి సాక్షి దొరకదు. తీరా ముక్కల్ని పరీక్షిస్తే, ఎడారిలో ఏరినవాళ్లో అమ్మినవాళ్లో పెట్టిన అయస్కాంతాల వల్ల పాత ముద్ర పోయిందని 2023లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఎవరూ చెడు తలపెట్టలేదు. ఉల్కాశిలో కాదో చూద్దామనుకున్నారు, అంతే.

నీకు కావలసింది చిన్న దిక్సూచి. చదునైన చోట పెట్టు. సూది నిలకడయ్యాక రాయిని పక్కనుంచి తెచ్చి, సెంటీమీటరు దూరంలో అటూ ఇటూ మెల్లగా కదిలించు. సూది కదిలితే రాయిలో అయస్కాంత గుణం ఉందన్నమాట. బసాల్ట్ అనే మామూలు లావా రాయికైనా సూది కదులుతుంది కాబట్టి దీనితోనే తేలిపోదు. మిగతా పరీక్షలకు దారి మాత్రం దొరుకుతుంది.

ఇక ఎక్కడికి వెళ్లాలి? అరిజోనా అనగానే అందరికీ ఉల్కాశిల పడి ఏర్పడిన పెద్ద గొయ్యి, మీటియర్ క్రేటర్ గుర్తొస్తుంది. అది ప్రైవేటు భూమి. చూసి రావచ్చు గానీ ఏరడం కుదరదు. మొదటిసారికి నేను చెప్పేది గోల్డ్ బేసిన్. అరిజోనా వాయవ్య మూల, మొహావీ కౌంటీలో ఉంది. 1995లో జిమ్ క్రీగ్ అనే రిటైర్డ్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అక్కడ డిటెక్టరుతో బంగారం వెతుకుతూ ఉల్కాశిలలు కనిపెట్టారు. ఆయనా, ట్వింక్ మన్రాడ్, జాన్ బ్లెనర్ట్ అనే మరో ఇద్దరూ దొరికిన ప్రతి రాయికీ స్థానం రాసుకుని, యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా శాస్త్రవేత్తలతో కలిసి పనిచేశారు. అవి ఎల్4 రకం కాండ్రైట్‌లు, అంటే లోపల చిన్న గుండ్రటి గింజలుండే రాతి ఉల్కాశిలలు. పడి పదిహేను వేల ఏళ్లకు పైనే అయిందని అంచనా. ఆ రాళ్లు చూడటానికి సాదాసీదావే. వాటి పటం మాత్రం అమూల్యమైనది. ఏ బరువు రాయి ఎక్కడ పడిందో తెలిసింది కాబట్టే పాత ఉల్కాపాతం విస్తీర్ణమెంతో, ఎలా పడిందో లెక్కకట్టగలిగారు. నువ్వు ఆ పద్ధతి నేర్చుకోవాలి.

బయల్దేరే ముందు భూమి ఎవరిదో తేల్చుకో. గోల్డ్ బేసిన్‌లో కొంత బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ సంస్థ భూమి, కొంత ప్రైవేటుది, కొన్నిచోట్ల బంగారం తవ్వుకునే హక్కు వేరేవాళ్లు పొందిన క్లెయిమ్‌లు, ఉత్తరాన లేక్ మీడ్ నేషనల్ రిక్రియేషన్ ఏరియా. లేక్ మీడ్ హద్దులోపల ఒక్క రాయి కూడా ఎత్తకూడదు. బ్యూరో భూమిలో సొంత సరదాకు, నేల పైభాగం నుంచి, మోటారు యంత్రాలు వాడకుండా, మనిషికి ఏడాదికి 10 పౌండ్ల దాకా ఏరుకోనిస్తారు. అలా ఏరినవి అమ్మకూడదు. కింగ్‌మన్‌లోని వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి డిటెక్టర్ సంగతీ, తవ్వడం సంగతీ, ఎక్కడెక్కడ ఏరడం కుదరదో అడుగు. ఫోన్‌లో భూ యాజమాన్యం చూపే మ్యాప్‌ని ముందే డౌన్‌లోడ్ చేసుకో, అక్కడ సిగ్నల్ ఉండదు. ప్రైవేటు భూమిలో దొరికిన రాయి భూయజమానిది. కాబట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకో, దొరికితే ఎవరికెంతో కూడా ఆ కాగితంలోనే రాసుకో.

డిటెక్టరు విషయంలో కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది డిస్క్రిమినేషన్ దగ్గర. మేకులూ రేకులూ వద్దనుకుని ఇనుమును వడగట్టే మోడ్ పెడతారు. ఉల్కాశిలలో ఉన్నది ఆ ఇనుమే! మెషీన్ దాన్ని కూడా వదిలేస్తుంది. ఆల్‌–మెటల్ మోడ్‌లో పెట్టు. బంగారం కోసం చేసిన ఎక్కువ ఫ్రీక్వెన్సీ డిటెక్టర్లు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఫిషర్ గోల్డ్ బగ్ 2 అయితే 71 కిలోహెర్ట్జ్‌లో నడుస్తుంది, చిన్న రాయిని కూడా పట్టుకుంటుంది. ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ చెయ్యి, అంటే నేలలోని ఖనిజాలకు మెషీన్ మోగకుండా సర్దు. డిటెక్టర్ కొసనుండే కాయిల్‌ని నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో పైకీ కిందికీ ఆడిస్తే శబ్దం మారకూడదు. వాగు ఇసుక నుంచి గట్టు మీదికి మారితే మళ్లీ చెయ్యాలి, నేలలో ఖనిజాలు మారతాయి కాబట్టి. కాయిల్ ఊపేటప్పుడు చివర్లలో చెయ్యి పైకి లేవనివ్వకు. అలా లేచినచోట అడుగున ఏమున్నా వినబడదు. ఒక ఊపు ఇంకో ఊపు మీద సగం పడేలా నడువు. అలా అయితే గంటకు కొద్ది మేరే అవుతుంది, అవనీ.

‘హాట్ రాక్స్’ అని విసిగించే రాళ్లుంటాయి, మాగ్నెటైట్ ఎక్కువున్న బసాల్ట్‌లు. సిగ్నల్ రాగానే కాయిల్‌ని ఐదారు సెంటీమీటర్లు పైకెత్తి మళ్లీ ఊపు. హాట్ రాక్ శబ్దం చాలాసార్లు చటుక్కున మాయమవుతుంది. లోహముంటే మెల్లగా తగ్గుతుంది. అయినా, అక్కడ తవ్వొచ్చని ఆఫీసువాళ్లు చెప్పి ఉంటే తవ్వి చూడు, చేసిన గుంత పూడ్చి వెళ్లు. గోల్డ్ బేసిన్ రాళ్లు కొన్ని పైనే ఉంటాయి, చాలావరకు కొద్ది లోతులో పూడి ఉంటాయి. పైపొర పోయి, తుప్పు గోధుమరంగులో, అడుగున తెల్లటి సున్నపు పెచ్చుతో కనిపిస్తాయి. ‘నల్లగా, నున్నగా’ ఉండేవాటి కోసమే చూస్తే వాటి మీదుగానే నడిచి వెళ్లిపోతావు. అందుకే ముందు టెంపీలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల గ్యాలరీకి వెళ్లి అసలు రాళ్లను తీరిగ్గా చూడు. ఫొటోలు చూస్తే కన్ను అలవాటు పడదు.

రాయి కనిపించాక చేసే పనిలోనే అసలు సంగతంతా ఉంది, జాగ్రత్తగా చదువు. చెయ్యి వెయ్యకు. పక్కన సెంటీమీటరు ఘనం గానీ చిన్న స్కేలు గానీ పెట్టి పైనుంచి ఒక ఫొటో, పక్కనుంచి ఒకటి, చుట్టుపక్కల కొండలు కనబడేలా ఒకటి తియ్యి. జీపీఎస్‌ని డబ్ల్యూజీఎస్84 అనే స్థాన కొలమానంలో, డిగ్రీలు దశాంశాల్లో, చుక్క తర్వాత ఐదంకెలు వచ్చేలా పెట్టుకో. ఐదో అంకె మీటరు తేడా చెబుతుంది. మూడంకెలే రాస్తే వంద మీటర్ల గందరగోళం. నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో నంబరు, తేదీ, టైము, అక్షాంశ రేఖాంశాలు, లోతు, ఎటువైపు తిరిగి ఉంది, నేల ఎలాంటిది, ఇవన్నీ రాయి. ఫోన్ మీదే ఆధారపడకు, ఎండకు వేడెక్కి ఆగిపోతుంది. తర్వాత నైట్రైల్ గ్లవుజు వేసుకుని, లేదంటే శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌తో పట్టుకుని తీసి, ఫాయిల్‌లో చుట్టి, నంబరు రాసిన జిప్ కవర్లో పెట్టు. చేతి చెమటలోని ఉప్పు లోపలికి పోతే తుప్పు మొదలవుతుంది. ఒక కవర్లో రెండు రాళ్లు వెయ్యకు. సాయంత్రం ఇంటికొచ్చాక ఏది ఎక్కడిదో చెప్పలేకపోతే, ఆ రోజు తిరిగిన ఎండంతా వృథా.

ఇంట్లో 0.1 గ్రాము దాకా చూపే తూకం చాలు. రాయిని నీళ్లలో ముంచకుండానే సాంద్రత కొలవొచ్చు. సన్నటి గాజు పూసలు గిన్నె నిండా పోసి, అంచుతో సమంగా స్కేలుతో గీసి తూకం వెయ్యి. తర్వాత రాయిని లోపల పెట్టి మిగతా చోటంతా పూసలతో నింపి, మళ్లీ సమంగా గీసి తూయి. బయటికి పోయిన పూసల బరువును బట్టి రాయి ఘనపరిమాణం వస్తుంది. 102 గ్రాముల రాయి 30 ఘన సెంటీమీటర్లయితే సాంద్రత 3.4. మామూలు కాండ్రైట్‌లు సుమారు 3.2 నుంచి 3.7 మధ్యలో ఉంటాయి. ఇనుప ఉల్కాశిలలు 7, 8 దగ్గర. మామూలు గ్రానైట్ సుమారు 2.7. రెండు సార్లూ పూసలు ఒకే తీరుగా పొయ్యి. ఒకసారి గిన్నెను తట్టి, రెండోసారి తట్టకపోతే లెక్క తప్పుతుంది.

తెచ్చినవాటిలో చాలావరకు ఉల్కాశిలలు కావు, దిగులుపడకు. బుడగల చిల్లులు ఉంటే దాదాపు ఖాయంగా లావాయో ఫ్యాక్టరీ చిట్టెమో. తెల్లటి క్వార్ట్‌జ్ గింజలు కనిపిస్తే పక్కన పెట్టెయ్యి. పాలిష్ లేని పింగాణీ టైల్ వెనకవైపు గీసి చూడు. ఎర్రటి గీత పడితే హెమటైట్ అనే ఇనుప ఖనిజం, నల్లటి గీత పడితే మాగ్నెటైట్. తాజా ఉల్కాశిల గీత వెయ్యదు, వేసినా వెలిసిన బూడిదరంగే. వీటన్నిటినీ దాటినదాని మీద డైమండ్ ఫైల్‌తో ఒక మూల అర సెంటీమీటరు మేర అరగదియ్యి. చేతి భూతద్దం కింద వెండిలా మెరిసే లోహపు చుక్కలు చెదురుమదురుగా, మధ్యలో ఆవగింజ కన్నా చిన్న గుండ్రటి కాండ్రూల్స్ కనిపిస్తే ఇంక అరగదియ్యకు. మిగతా పని ల్యాబ్‌ది.

ల్యాబ్ అంటే ఊరికే చూసి చెప్పడం కాదు. పలచటి ముక్క చేసి, ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే పరికరంతో ఆలివిన్ అనే ఖనిజంలో ఫయలైట్ శాతం, అంటే అందులో ఇనుము పాలు, కొలుస్తారు. దాన్ని బట్టి కాండ్రైట్ వర్గం తేలుతుంది: 16–20 అయితే హెచ్ వర్గం, 22–26 అయితే ఎల్, ఆపైన ఎల్ఎల్. మీటియోరిటికల్ సొసైటీ నామకరణ సంఘం పేరు ఖరారు చెయ్యాలంటే రాయిలో 20 శాతం గానీ 20 గ్రాములు గానీ, ఏది తక్కువైతే అది గుర్తింపున్న సంస్థకు ఇవ్వాలి. 60 గ్రాముల రాయిలో 12 గ్రాములు పోతాయని బాధపడేవాళ్లున్నారు. నా మటుకు నేను ఇచ్చెయ్యమంటాను. మనం పోయాక కూడా ఆ ముక్క పరిశోధనకు అందుబాటులో ఉంటుంది. అందరూ ఎరిగిన గోల్డ్ బేసిన్ రకమే దొరికితే ల్యాబ్‌ని తొందరపెట్టకు, నీ నోట్‌బుక్‌లోని స్థానాలే అక్కడ ఎక్కువ ఉపయోగం.

కొత్తగా పడ్డ రాళ్ల వేట వేరు. అమెరికాలో వాతావరణ రాడార్లు ఆకాశంలోంచి రాలుతున్న రాళ్లను కూడా పట్టుకుంటాయి. 2009 ఫిబ్రవరి 15న టెక్సస్‌లో వెస్ట్ అనే ఊరి దగ్గర పడ్డవాటిని వెతకడానికి రాడార్ చిత్రాలు బాగా ఉపయోగపడ్డాయి. పడే మేర కోలగా ఉంటుంది. బరువైనవి ప్రయాణించిన దిక్కున ముందుకు పోతాయి, చిన్నవి గాలికి కొట్టుకుపోతాయి. అప్పుడు తొందరపడాలి. 2012 ఏప్రిల్ 22న కాలిఫోర్నియాలో సటర్స్ మిల్ దగ్గర పడ్డవాటిలో పెద్దవానకు ముందు చేజిక్కినవి మూడే. అవి కార్బనేషియస్, అంటే కార్బన్ ఉన్న రకం; అలాంటి రాళ్లు నీళ్లు తగిలితే మారిపోతాయి కాబట్టి ఆ మూడింటి విలువ వేరు. తాజా రాయి దగ్గరికి దిక్సూచి తప్ప వేరే అయస్కాంతమేదీ తీసుకుపోకు.

ఇనుప ఉల్కాశిల కొంటానన్నావు. కొనేముందు రశీదూ పాత లేబులూ అడుగు. ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించే కాంపో దెల్ సియెలో అనే ఇనుప ఉల్కాశిల అర్జెంటీనాది. 2007 చట్టంతో ఆ దేశం ఉల్కాశిలలకు రక్షణ కల్పించింది. ఎప్పుడు, ఎలా బయటికొచ్చిందో చెప్పలేనివాడి దగ్గర కొనకు. పైగా అందులో కొన్ని రాళ్లు తుప్పుతో పొరలు పొరలుగా ఊడిపోతాయి. క్లోరైడ్ లోపలికి చేరి, తేమ తగిలిన ప్రతిసారీ ఇనుమును తింటుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి, తేమ కొలిచే చవకైన హైగ్రోమీటరు ఒకటి పెట్టు. తేమ 40 శాతం లోపుంటే మంచిది. జెల్ రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకో. అరిజోనాలో ఏళ్ల తరబడి బాగున్న ముక్క విశాఖలో ఒక్క వర్షాకాలానికే చెమర్చవచ్చు. మీ నాన్నకు బహుమతిగా తెస్తే డబ్బాతో సహా తీసుకురా. ఇనుప ఉల్కాశిలలోని స్ఫటికాల అల్లిక, అంటే విడ్‌మన్‌స్టాటెన్ గీతలు, బయటపడటానికి నైట్రిక్ యాసిడ్, ఆల్కహాల్ కలిపి ఇంట్లో పైభాగాన్ని ఎచింగ్ చేస్తారని, అంటే యాసిడ్‌తో తినిపిస్తారని, చదివి ఉంటావు. ఆ మిశ్రమాన్ని మూత బిగించి దాస్తే పేలగలదు. ఎచింగ్ చేసిన ముక్కే కొనుక్కో, నువ్వు ఆ పని పెట్టుకోవద్దు.

ఎడారిలో ఒంటరిగా తిరగకు. రోజుకు మనిషికి 4 లీటర్ల నీళ్లు, కార్లో ఇంకో అంత. గోల్డ్ బేసిన్‌లో పాత గని గుంతలున్నాయి, డిటెక్టర్ వింటూ తలవంచుకుని నడిస్తే అంచు దాకా వచ్చేదాకా కనబడవు. మార్చి తర్వాత రాటిల్ స్నేక్‌లు బయటికొస్తాయి. రాతి కింద చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించు.

మన దగ్గర ఎవరి పొలంలోనైనా పడిందని తెలిస్తే, ఫోన్ చేసిన ప్రతివాడికీ ఒక మాట చెప్పు. ఇక్కడ పడ్డవాటిని భద్రపరిచే బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. హైదరాబాద్ బండ్లగూడలో వాళ్ల దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. 2022 ఆగస్టు 17న గుజరాత్‌లోని దియోదర్ దగ్గర పడ్డ రాయి ఒకటి వేపకొమ్మకు తగిలి ముక్కలైంది. ఊరివాళ్లు ముక్కలు దాచి ఇవ్వబట్టే అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ వాళ్లు అది ఆబ్రైట్ అని తేల్చగలిగారు. అది చాలా అరుదైన రకం. లోహం తక్కువ, లోపలంతా తెల్లగా ఉంటుంది. నల్లగా లేదనో, అయస్కాంతానికి అతుక్కోలేదనో పారేసే రాయి అది. అందుకని రాయిని కడగొద్దని, పగలగొట్టొద్దని, దానికి పసుపు కుంకుమలు పెట్టొద్దని వాళ్లకు మర్యాదగా చెప్పి, పడ్డచోటు ఫొటో తీయించి, ఫాయిల్‌లో చుట్టించి కార్యాలయానికి కబురు పెట్టించు.

ఇట్లు,
పెదనాన్న