11 నెలల అగ్రిమెంటు ముగిసింది, అద్దె ఆగింది: ఓనరు ఇప్పుడు ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది: హైదరాబాద్ వనస్థలిపురంలో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, నెలకు 22,000 అద్దె, రెండు నెలల అడ్వాన్సు, 100 రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన 11 నెలల అగ్రిమెంటు. దాని గడువు దాటిపోయింది, నాలుగు నెలలుగా అద్దె రావడం లేదు. మీరు డాలస్‌లో, మీ నాన్నగారు ఇక్కడ. తాళం మార్చేయమనీ కరెంటు పీకించేయమనీ చుట్టాలు చెబుతున్నారు, అలా చేయొచ్చా అని అడిగారు.

చేయకండి. అద్దె ఎగ్గొట్టినా సరే, కోర్టు ఉత్తర్వు లేకుండా బయటికి పంపిస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు కిరాయిదారు దావా వేసి మళ్ళీ లోపలికి రావచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ దావాలో రాదు. పైగా నాన్నగారి మీద పోలీసు కేసు పెట్టడానికి మీరే దారి చూపినట్టవుతుంది. ఇప్పుడు న్యాయం మీ వైపు ఉంది, దాన్ని ఒక తాళంకప్ప కోసం పోగొట్టుకోవద్దు.

ఇక అగ్రిమెంటు సంగతి. "11 నెలలే కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అన్నమాట చాలా రాష్ట్రాల్లో నిజం, మన దగ్గర కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ క్లాజును సవరించి, ఏ లీజైనా రిజిస్టర్ చేయాల్సిందే అంది. తెలంగాణకూ అదే వచ్చింది. అందువల్ల మీ కాగితంలోని లాకిన్ గడువు (ఆలోపు ఖాళీ చేయకూడదన్న షరతు), ఏటా అద్దె పెంపు, రెండు నెలల నోటీసు లాంటి షరతులను కోర్టులో నిలబెట్టడం కష్టం. ఆయన మీ కిరాయిదారు అనీ, కిరాయిదారుగానే లోపల ఉన్నాడనీ చూపించడానికి మాత్రం ఆ కాగితం పనికొస్తుంది. దానికైనా ముందు తక్కువ పడిన స్టాంపు డ్యూటీ, దాని మీద పది రెట్ల వరకు పెనాల్టీ కట్టమంటారు. నోటరీ ముద్ర ఈ లోటు తీర్చదు.

కాబట్టి చట్టం దృష్టిలో మీది నెలవారీ కిరాయి. రెంట్ కంట్రోల్ కోర్టు గురించి ఆలోచించక్కర్లేదు. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన ఇళ్ళు 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం కిందికి రావు. మీ దారి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టులో దావా.

కేసు బలమంతా నోటీసులోనే ఉంటుంది, అక్కడ తొందరపడకండి. చట్టం అడిగేది 15 రోజులు, అవి నోటీసు అందిన రోజు నుంచి లెక్క. 30 రోజులు ఇవ్వండి, ఓ రెండు వారాలు పోతే పోయాయి గానీ వాదించుకునే పని ఉండదు. అందులో ఫ్లాటు నంబరు, అపార్టుమెంటు పేరు, నాలుగు హద్దులు, నెల అద్దె, ఏ నెల నుంచి బాకీ, మొత్తం 88,000 అన్న లెక్క స్పష్టంగా ఉండాలి. "బాకీ కట్టండి" అని మాత్రమే రాస్తే సరిపోదు. "కిరాయి రద్దు చేస్తున్నాం, ఫలానా తేదీకి ఖాళీ చేసి స్వాధీనం అప్పగించండి" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. ఆ తేదీ దాటితే రోజుకో నెలకో ఇంత పరిహారం అడుగుతామని కూడా రాయించండి. అడ్వాన్సును ఇప్పుడే బాకీలో కలపొద్దు, ఖాళీ చేసేటప్పుడు కరెంటు, నల్లా, మెయింటెనెన్స్ బిల్లులు చూసుకుని సర్దుబాటు చేస్తామని చెప్పండి.

ఎవరి పేరున పంపాలన్నది తరచూ తప్పు పోయే చోటు. సేల్ డీడ్ మీ దంపతులిద్దరి పేరున ఉండి, అగ్రిమెంటు మీద సంతకం నాన్నగారిది అయితే ముగ్గురి పేర్లూ నోటీసులోనూ దావాలోనూ ఉండాలి. లేకపోతే "నాకు ఇల్లిచ్చింది మీరు కాదు" అన్న ఒక్క వాదనతో ఏళ్ళు గడిచిపోతాయి.

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే, డెలివరీ రుజువు దొరికేలా పంపండి. ట్రాకింగ్ పేజీని ఆ రోజే ప్రింటు తీసి ఉంచండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు చించకుండా దాచండి, కోర్టులో తెరవాల్సింది దాన్నే. చేతికి అందకపోతే తలుపు మీద అతికించడాన్ని కూడా సెక్షన్ 106 ఒప్పుకుంటుంది. తేదీ కనబడే ఫోటో, వాచ్‌మన్ గానీ అసోసియేషన్ వాళ్ళు గానీ సాక్షి సంతకం, రెండూ ఉండాలి.

ఆ తర్వాత జరిగేది వినండి, ఎక్కువ కేసులు ఇక్కడే బలహీనపడతాయి. నోటీసు గడువు అయ్యాక ఓ రోజు ఫోన్‌పేలో 22,000 వచ్చి పడుతుంది. మీరు ఏమీ అనకుండా ఉంచుకుంటే, నోటీసును మీరే వదులుకున్నారని సెక్షన్ 113 చూపించి వాదిస్తారు. డబ్బు వచ్చిన రోజే వాట్సాప్‌లోనూ మెయిల్‌లోనూ రాయండి: "ఇది అద్దె కాదు, మీరు ఇల్లు వాడుకుంటున్నందుకు పరిహారం కింద మాత్రమే తీసుకుంటున్నాం, నోటీసు మీద మా హక్కు అలాగే ఉంది." నాన్నగారు మొహమాటంతో రసీదు రాసిచ్చే ప్రమాదం ఉంది, ఆయనకు ముందే చెప్పండి.

అయినా కదలకపోతే ఖాళీ, బాకీ, పరిహారం మూడూ కలిపి ఒకే దావా వేయండి. ఖాళీ చేయించే కోరికకు కోర్టు ఫీజు ఫ్లాటు విలువ మీద కాదు, ఏడాది అద్దె మీద, మీకు 2,64,000 మీద. దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మన హైకోర్టు చేర్చిన ఆర్డర్ 15-ఎ కింద అర్జీ పెట్టించండి. బాకీ, నెలనెలా సొమ్ము కోర్టులో జమ చేయమని ఉత్తర్వు వస్తుంది. కట్టకపోతే ఆయన వాదనను కోర్టు కొట్టేయవచ్చు. వాయిదాలతో కాలం గడిపేవాళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది. బాకీ దావాకు కాలపరిమితి మూడేళ్ళు, ప్రతి నెల అద్దెకూ విడివిడిగా లెక్క.

ఆయన రాజీకి వస్తే సంతోషమే, కానీ తెల్లకాగితం మీద "రెండు నెలల్లో వెళ్తాను" అని రాయించుకుని ఊరుకోవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళి లోక్ అదాలత్ అవార్డుగా రాయించండి. దావా వేయకముందే కూడా చేయొచ్చు. అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, మాట తప్పితే నేరుగా అమలు పిటిషన్ వేయవచ్చు.

మీరు రాలేరు కాబట్టి నాన్నగారికి జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇవ్వండి. డాలస్‌లో నోటరీ, టెక్సాస్ రాష్ట్ర అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఇల్లు అప్పజెప్పడం, అద్దె మాట్లాడుకోవడం నాన్నగారి చేతుల మీదే జరిగి ఉంటే ఆయన సాక్ష్యం చాలు. మీకు మాత్రమే తెలిసిన విషయాలకు ఆయన సాక్ష్యం పనికిరాదు, అది మీరే చెప్పాలి. వీడియో ద్వారా చెప్పడానికి కోర్టును అడగవచ్చు.

పన్ను సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత తక్కువైనా కిరాయిదారు అద్దెలోంచి ముందుగానే పన్ను (టీడీఎస్) కోయాలి, మామూలుగా 31.2 శాతం. నెలకు 50,000 దాటితేనే అన్న నియమం ఇక్కడి ఓనర్లది. కోత తగ్గించే సర్టిఫికెట్‌కు ఆదాయపన్ను శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. మీ రిటర్న్‌లో మునిసిపల్ పన్ను, ఆపై 30 శాతం తీసేశాకే పన్ను లెక్క కడతారు.

తాళాలు తీసుకునే రోజు స్వాధీనం అప్పగించినట్టు కాగితం మీద సంతకం, మీటరు రీడింగు ఫోటో, అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న లేఖ తీసుకోండి. కరెంటు బాకీ మిగిలితే అది మీ సర్వీసు నంబరునే అంటుకుని ఉంటుంది. తర్వాత వచ్చేవాళ్ళకు లీజు రిజిస్టర్ చేయించండి. గడువు అయ్యేసరికి ఆ కిరాయి దానంతటదే ముగుస్తుంది, సెక్షన్ 106 నోటీసుతో పని లేదు. గడువు దాటాక ఒక్క నెల అద్దె కూడా అద్దెగా తీసుకోకండి, తీసుకుంటే మళ్ళీ నెలవారీ కిరాయిలో పడతారు. గడువు మీరితే రెట్టింపు పరిహారం, సబ్-లీజు కుదరదు, నివాసానికే తప్ప హాస్టల్‌కు గానీ వ్యాపారానికి గానీ కాదు అన్న షరతులు ఈసారి రిజిస్టర్ అయిన కాగితంలో ఉంటాయి.