617 గొప్పదే కానీ, మన పేరు పెట్టుకున్న 35వ స్క్వాడ్రన్ సంగతి ఎవరూ చెప్పరు

రెండో ప్రపంచ యుద్ధంలో అన్నిటికంటే గొప్ప హెవీ బాంబర్ స్క్వాడ్రన్ (పెద్ద బాంబర్ విమానాల దళం) ఏది, జర్మనీలో డ్యామ్‌లు పగలగొట్టిన 617 యేనా అని అడిగారు. పదిమందిని అడిగితే పదిమందీ ఆ పేరే చెబుతారు. నేను మాత్రం బ్రిటిష్ వైమానిక దళంలోని 35వ స్క్వాడ్రన్ అంటాను. దాని పూర్తి పేరు నంబర్ 35 (మద్రాస్ ప్రెసిడెన్సీ) స్క్వాడ్రన్.

అవును, మన మద్రాస్ ప్రెసిడెన్సీయే. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అందులోనివే. యుద్ధ నిధికి పెద్ద ఎత్తున డబ్బిచ్చిన ప్రాంతాల పేర్లు స్క్వాడ్రన్లకు పెట్టేవారు. హైదరాబాద్ పేరుతోనూ ఉన్నాయి. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగాయే ఉంటుంది, కాకపోతే అది ఫైటర్ స్క్వాడ్రన్. నాలుగు ఇంజిన్ల హాలిఫాక్స్ బాంబర్ మొట్టమొదట చేరింది మన 35లోనే, 1940 నవంబర్‌లో. 1941 మార్చిలో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవు మీద తొలి దాడి చేశారు. ఆ రాత్రి తిరిగొస్తున్న ఒక హాలిఫాక్స్‌ని శత్రువుదనుకుని బ్రిటిష్ నైట్ ఫైటరే కూల్చేసింది.

ఇదంతా నేను పనిగట్టుకుని చదవడానికి కారణం మా నాన్నగారు.

ఆయన లండన్ వచ్చినప్పుడు హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియానికి తీసుకెళ్లాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా మైనపు బొమ్మల దగ్గర, జెయింట్ వీల్ దగ్గర గంటలకొద్దీ క్యూలో నిలబడతారు. టికెట్టే లేని ఈ మ్యూజియం వైపు ఒక్కరూ రారు. వచ్చినవాళ్లు కూడా నిగనిగలాడే లాంకాస్టర్ ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. ఆ రోజు అక్కడ తుప్పు పట్టి, చర్మం ఊడిపోయి ఎముకలు మిగిలినట్టున్న ఒక విమానం ముందు నాన్న ఆగిపోయారు. ‘ఇదేంట్రా, దీన్నిలా వదిలేశారు?’ అన్నారు.

అది హాలిఫాక్స్ డబ్ల్యూ1048. మన 35వ స్క్వాడ్రన్‌దే. 1942 ఏప్రిల్ 27 రాత్రి స్కాట్లాండ్‌లోని కిన్‌లాస్ నుంచి లేచి, నార్వేలో ట్రాండ్‌హైమ్ దగ్గర దాక్కున్న టిర్పిట్జ్ అనే జర్మన్ యుద్ధనౌక మీదికి వెళ్లింది. ఓడను కొండ వాలుకి ఆనించి కట్టేశారు. అందుకని గుండ్రటి మైన్లు (నీళ్లలో పేలే మందుగుండ్లు) వాలు మీద పడేస్తే అవి నీళ్లలోకి దొర్లి ఓడ అడుగున పేలతాయని పథకం. దానికోసం ఫిరంగుల మధ్య బాగా కిందికి దిగి ఎగరాలి. రెక్కకి నిప్పంటుకుంది. గడ్డకట్టిన ఒక సరస్సు మీద పైలట్ విమానాన్ని పొట్ట మీదే దించాడు. విమానంలోని వాళ్లందరూ బతికారు. ఒక్కరు తప్ప అందరూ మంచులో నడిచి స్వీడన్ చేరారు. చీలమండ విరిగిన ఫ్లైట్ ఇంజనీర్ నడవలేక జర్మన్లకు చిక్కాడు. మంచు కరిగి విమానం మునిగిపోయింది. 1973లో పైకి తీశారు. ఆరు వేలకు పైగా తయారైన హాలిఫాక్స్‌లలో ఇప్పుడు చూడ్డానికి మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

నేను ఫోన్లో చూసి ఇదంతా చదివి వినిపిస్తుంటే నాన్న నన్ను ఆపారు. ‘42 ఏప్రిలా? మనకి బాంబులు పడిందీ అప్పుడే కదరా.’

నిజమే. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మాది కాకినాడ పక్కన పల్లెటూరు. పట్నం నుంచి బళ్ల మీద జనం వచ్చిపడ్డారని, మా అరుగుల మీద మూడు కుటుంబాలు వారం రోజులు తలదాచుకున్నాయని నాయనమ్మ చెప్పేది. రాత్రిళ్లు దీపం పెట్టాలంటే భయపడేవారట. తాతగారు ఊరి మునసబు. వార్ ఫండు వసూలు చేసిపెట్టాల్సింది ఆయనే. శిస్తే కట్టలేనివాళ్ల దగ్గర మళ్లీ ఈ చందా అడగాల్సి వచ్చిందని చాలా ఏళ్లు బాధపడ్డారట.

ఆ డబ్బే ఈ స్క్వాడ్రన్ పేరులో ఉందని నా గట్టి నమ్మకం. ఇష్టంగా ఇచ్చినా, అడిగితే కాదనలేక ఇచ్చినా అది రైతుల డబ్బు. మన స్కూలు పుస్తకాల్లో ఆ యుద్ధానికి రెండు పేజీలు కేటాయిస్తారు, అందులోనూ అన్నీ హిట్లర్ కబుర్లే. మన జిల్లాల డబ్బు గురించి ఒక్క వాక్యం ఉండదు. నాకు నిజంగా కోపం వస్తుంది.

617 విషయానికొస్తే, 1944 నవంబర్‌లో టిర్పిట్జ్‌ని ముంచింది 9, 617 స్క్వాడ్రన్లు. పేరంతా 617కే పోయింది. రెండున్నరేళ్ల ముందు అదే ఓడ కోసం అంత కిందికి దిగి ఎగిరినవాళ్లు ఎవరికీ గుర్తులేరు. 1942 ఆగస్టులో పాత్‌ఫైండర్ దళం పెట్టినప్పుడు ఎంచుకున్న మొదటి స్క్వాడ్రన్లలో 35 ఒకటి. అందరికంటే ముందు వెళ్లి రంగు మంటలు జారవిడిచి గురి చూపించే పని వాళ్లది. 617కి నాయకుడైన లియొనార్డ్ చెషైర్ కూడా అంతకుముందు 35లో హాలిఫాక్స్ నడిపినవాడే. ఈ బాంబర్ స్క్వాడ్రన్లన్నిటినీ నడిపిన బాంబర్ కమాండ్ మొత్తంలో 55,573 మంది చనిపోయారు. వాళ్ల బాంబుల కింద జర్మనీ ఊళ్లలో పోయినవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ, వాళ్లలో మా అరుగు మీద తలదాచుకున్నలాంటి జనమే ఉన్నారు. ఈ మాట కూడా అక్కడే, ఆ విమానం ముందే నాన్న అన్నారు.

మూసే టైం అయిందని చెప్పేదాకా ఆయన అక్కడి నుంచి కదల్లేదు. ఊరెళ్లాక కూడా ఫోన్ చేసినప్పుడల్లా ఆ ఇంజనీర్ తర్వాత ఏమయ్యాడు, ఆ సరస్సు పేరేంటి అని అడుగుతూనే ఉన్నారు. హోక్లింగెన్ అని పెద్ద అక్షరాలతో రాసి పంపాను. గోడ మీద క్యాలెండర్ పక్కన అంటించుకున్నారు.