రాజీనామా వద్దు, ఒక్క బూత్ పట్టుకో

చి. అబ్బాయికి,

ఆశీస్సులు. ఉద్యోగం మానేసి ఎన్నికల ప్రచారంలో పూర్తికాలం దిగుతానంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. నాకు మాత్రం సంతోషం కలిగింది. ఒక అభ్యర్థి మంచివాడని నమ్మి, ఆయన కోసం ఎండలో తిరగడానికి సిద్ధపడ్డావు. ఆ ఉత్సాహం మీద నేను నీళ్లు చల్లను. రాజీనామా ఆలోచన మాత్రం విరమించుకో.

కోడలు గ్రూప్స్‌కు చదువుకుంటోంది. అద్దె, కోచింగ్ ఫీజు, మీ అమ్మ మందులు, అన్నీ నీ ఒక్క జీతం మీదే నడుస్తున్నాయి. జీతం ఆగితే మొదట ఆగేది ఆ అమ్మాయి చదువు. పీఎఫ్ డబ్బు తీసుకుని ఆరు నెలలు నెట్టుకొస్తానన్నావట. ఐదేళ్ల సర్వీసు నిండకముందే దాన్ని తీసుకుంటే పన్ను పడుతుంది. పైగా అది మీ ఇద్దరి రేపటి కోసం దాస్తున్న సొమ్ము.

ఇంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. జీతం లేని కార్యకర్త రెండో నెల వచ్చేసరికి పెట్రోలుకూ భోజనానికీ పార్టీ ఆఫీసు వైపు చూడాల్సి వస్తుంది. అలా చూసినవాడికి ఎవరో ఒకరు ఒక సంచి చేతికిచ్చి, ‘ఈ కవర్లు ఫలానా వీధిలో పంచి రా’ అంటారు. కాదనడానికి నోరు రాదు. ఓటుకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. పట్టుబడితే కేసు మోసేది సంచి పంపినవాడు కాదు, మోసుకెళ్లినవాడు. నీ జీతం నీకుంటే ఆ సంచిని ముట్టుకోకుండా లేచి వచ్చేయగలవు. రాజకీయాల్లో నిజాయితీగా ఉండాలనుకునేవాడికి సొంత సంపాదన చాలా అవసరం, నాన్నా.

మరి ఏం చేయాలంటావా? ఒక్క బూత్ తీసుకో. మీ వీధి ఉన్న బూత్. ర్యాలీలకు జనం ఎలాగూ వస్తారు, మైకు పట్టుకోవడానికి పోటీ ఉంటుంది. ఓటర్ల జాబితా పట్టుకుని మెట్లెక్కేవాళ్లే దొరకరు. 2023 శాసనసభ ఎన్నికల్లో తెలంగాణ మొత్తం మీద 71 శాతం దాటి ఓట్లు పడితే, హైదరాబాద్ జిల్లాలో సగం కూడా పడలేదు. బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఇల్లు మారినా పేరు పాత చోటే ఉండిపోవడం, ఒకే మనిషికి రెండు చోట్ల ఓటు ఉండటం, చనిపోయినవారి పేర్లు తొలగించకపోవడం కూడా అందులో ఉన్నాయి. నీ సంగతే చూడు. ఉండేది అమీర్‌పేటలో, ఓటు ఇంకా తెనాలిలోనే! ముందు ఫారం 8 నింపి నీ ఓటు మార్చుకో. అది కాకపోతే పోలింగ్ రోజు అభ్యర్థి తరఫున బూత్‌లో పోలింగ్ ఏజెంటుగా కూర్చోవడం కూడా కుదరదు. ఏజెంటు ఆ బూత్ ఓటరే అయి ఉండాలి, అలాంటివారు దొరక్కపోతేనే అదే నియోజకవర్గంలోని మరొకరిని పెట్టుకోనిస్తారు.

జాబితాలో పేజీకి 30 పేర్లుంటాయి. ఆదివారం ఉదయం రెండు పేజీలు తీసుకో, చాలు. పెన్సిల్‌తో ప్రతి పేరు పక్కనా గుర్తు పెట్టు: ఉన్నారు, ఇల్లు మారారు, చనిపోయారు. తలుపు తీసినవారిని మొదట ఓటు అడగకు. ‘మీ ఇంట్లో అందరి పేర్లూ సరిగ్గా ఉన్నాయా?’ అని అడుగు. 17 నిండిన పిల్లలుంటే కొత్త ఓటు కోసం ముందుగానే ఫారం 6 ఇవ్వవచ్చని చెప్పు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే అప్పుడే పేరు చేర్చుకోవచ్చు. 85 ఏళ్లు దాటి కదలలేనివారుంటే రాసి పెట్టుకో. నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోగా ఫారం 12డి ఇస్తే సిబ్బందే ఇంటికి వచ్చి ఓటు వేయిస్తారు. ఇవన్నీ ముందుగా జరగాలి. నామినేషన్ల గడువు ముగిశాక ఏ పేరూ కొత్తగా చేర్చరు.

తొలగింపుల జోలికి మాత్రం ఆచితూచి వెళ్లు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో పేరు తీసేయమని కోరే ఫారం 7 దరఖాస్తులు కుప్పలు తెప్పలుగా వచ్చిపడి, కేసుల దాకా వెళ్లిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. చనిపోయినవారి ఇంటివాళ్ల చేతే ఫారం 7 ఇప్పించు. అవతలి పార్టీకి వేస్తారని తెలిసినా సరే, ఆ ఇంటి పేరు సరిచేయడానికీ ఇంతే శ్రద్ధ పెట్టు. ఈ ఒక్క మాట నువ్వు పాటిస్తే నాకు ఎంత గర్వంగా ఉంటుందో చెప్పలేను.

నేను మాస్టారుగా ఉన్నంతకాలం ఏ పార్టీ జెండా పట్టలేదు, పట్టకూడదు కూడా. కానీ పోలింగ్ బూత్‌ను నడిపే ప్రిసైడింగ్ అధికారిగా బల్లకు ఇవతల కూర్చుని మంచి ఏజెంటు ఎవరో, కానివాడెవరో చూశాను. మంచి ఏజెంటు పోలింగ్‌కు గంటన్నర ముందే వస్తాడు. మాక్ పోల్‌లో, అంటే యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్‌లో, కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిచూసి, ఆ ఓట్లన్నీ యంత్రంలోంచి చెరిపేశారో లేదో తన కళ్లతో చూస్తాడు. సాయంత్రం అందరూ అలసిపోయి ఎప్పుడు వెళ్దామా అని చూస్తున్నప్పుడు, అతడు మాత్రం పోలింగ్ ముగించే క్లోజ్ బటన్ నొక్కేదాకా కూర్చుని, మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన 17సి ఫారం నకలు చేతికి వచ్చాకే కదులుతాడు. లెక్కింపు రోజు ఏదైనా అనుమానం వస్తే అభ్యర్థికి ఆధారం ఆ కాగితమే.

ఆఫీసు సంగతి: నియామక పత్రంలో రాజకీయాల గురించి ఏం రాశారో ఒకసారి చదువుకో. కంపెనీ ల్యాప్‌టాప్‌లో, మెయిల్‌లో ప్రచారం పని పెట్టుకోకు. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఎలాగూ ఇవ్వాలి. మర్నాటికి కూడా ఒక సెలవు ఇప్పుడే దాచుకో.

ఇక కోడలు. ఇంత పెద్ద నిర్ణయం ఆమెకు మీ అమ్మ ద్వారా తెలిసిందట. అది నాకు బాధగా ఉంది. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. వారంలో ఏ పూట బూత్‌ది, ఏ పూట ఇంటిదో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఇంటిదని చెప్పిన పూట పార్టీ నుంచి ఫోన్ వచ్చినా తీయకు. ఆమెకు పరీక్షలు దగ్గర పడినప్పుడు వంటా, బజారూ నీవి.

మీ మామగారిది వేరే పార్టీ అని తెలుసు. ఆయనతో వాదించు, తప్పులేదు. ఆ వాదన భోజనం దగ్గర మాత్రం వద్దు.

ఓటు మారి, జాబితాలో మీ బూత్‌కు ఉండే కొత్త పార్టు నంబరు రాగానే ఫోన్ చెయ్యి. జాబితా ఎలా చదవాలో దగ్గర కూర్చోబెట్టుకుని చూపిస్తాను. వచ్చేటప్పుడు కోడలిని కూడా తీసుకురా.

నీ పెదనాన్న