పాప క్రేయాన్ కొరికి తినేసింది... విషమా?

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. నిన్న సాయంత్రం వాళ్లక్క రంగుల పెట్టెలోంచి ఆకుపచ్చ క్రేయాన్ తీసి సగం కొరికి తినేసింది. ఈ రోజు విరేచనంలో పచ్చటి ముక్కలు కనిపించాయి. వాంతులు, జ్వరం లేవు. అసలు వీటిని దేనితో తయారు చేస్తారు? ఒంట్లో విషం చేరుతుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పాప ఎప్పటిలాగే తింటూ, ఆడుకుంటూ ఉంటే మీరు కంగారు పడనవసరం లేదు. విరేచనంలో పచ్చటి ముక్కలు కనిపించాయంటే తిన్నది అరగకుండా బయటికి వచ్చేస్తోందన్నమాట.

క్రేయాన్‌లో ఎక్కువ భాగం పారఫిన్ మైనం. ముడి చమురును శుద్ధి చేసేటప్పుడు వచ్చే ఈ మైనంతోనే కొవ్వొత్తులూ పోస్తారు. దీన్ని అరిగించుకునే శక్తి మన పేగులకు లేదు. కర్మాగారంలో ఈ మైనాన్ని కరిగించి, గట్టిదనం కోసం కొవ్వుల నుంచి తీసే స్టియరిక్ ఆమ్లాన్ని, రంగుపొడిని, సుద్దపొడి లేదా చైనా మట్టి వంటి పూరకాన్ని కలిపి, చన్నీళ్లతో చల్లబరిచే లోహపు అచ్చుల్లో పోస్తారు. కొద్ది నిమిషాల్లోనే గట్టిపడిన కడ్డీలను బయటికి నెట్టి కాగితం చుడతారు. పెట్టె తెరవగానే ముక్కుకు తగిలే ఆ వాసన చాలావరకు స్టియరిక్ ఆమ్లానిదే.

కాబట్టి అనుమానించాల్సింది మైనాన్ని కాదు, అందులో కలిపిన రంగును, పూరకాన్ని. గత శతాబ్దం మధ్యలో పారానైట్రో అనిలిన్ అనే రసాయనం ఉన్న ఎర్ర క్రేయాన్లు తిన్న పిల్లల్లో రక్తం ఆక్సిజన్‌ను మోయలేక పెదవులు నీలిరంగుకు తిరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 1994లో అమెరికాలో సీసం ఉన్న దిగుమతి క్రేయాన్లను వెనక్కి రప్పించారు. 2000లో అక్కడే కొన్ని క్రేయాన్లలో పూరకంగా కలిపిన టాల్క్ అనే ఖనిజపు పొడిలో, ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఆనవాళ్లు బయటపడితే, ముప్పు అతి తక్కువని తేలినా తయారీదారులు టాల్క్‌ను మార్చేందుకు ఒప్పుకున్నారు. అందుకే తయారీదారు పేరు లేని విడి క్రేయాన్లు చవకగా దొరికినా కొనవద్దంటాను. పెట్టెపై ‘నాన్ టాక్సిక్’ అని ఉన్నవే తీసుకోండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది విషం కాదు, ముక్క పరిమాణం. తింటున్నప్పుడు పాపకు గట్టిగా పొలమారిందా? ఆ తర్వాత దగ్గు తగ్గకపోయినా, ఊపిరి తీస్తుంటే పిల్లికూతల్లాంటి శబ్దం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మైనం ముక్క మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కనుక, క్రేయాన్ తిన్నదని డాక్టరుకు మీరే చెప్పాలి. పెదవులు నీలంగా మారినా, వాంతులు ఆగకపోయినా, పొట్ట ఉబ్బినా ఆలస్యం చేయవద్దు. గొంతులో వేలు పెట్టి గానీ, ఉప్పునీళ్లు తాగించి గానీ కక్కించే ప్రయత్నం మాత్రం చేయకండి.

ఒక్కసారి కొరకడం ఈ వయసు పిల్లలకు మామూలే. అలాకాక బలపాలు, మట్టి, గోడ సున్నం కూడా పదేపదే నోట్లో పెట్టుకుంటుంటే ఐరన్ లోపం ఉండవచ్చు. అప్పుడు పిల్లల వైద్యుడికి చూపించి హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్ పరీక్షలు, ఆయన అవసరమనుకుంటే రక్తంలో సీసం పరీక్ష కూడా చేయించండి. వెళ్లేటప్పుడు మిగిలిన క్రేయాన్ ముక్కను, దాని పెట్టెను వెంట తీసుకెళ్లండి.